పెరుగు తోడుకోని మిద్దె

నేను చదివింది నాలుగో తరగతి. ఆ తర్వాత నేను రాసిందంతా బాగుకు వచ్చిన రేడియోల వెనక సుద్దముక్కతో రాసిందే. "టీ అంగడాయనది", "రైల్వే గేటు దగ్గరామెది", "తొందర లేదు". ఇంతకన్నా పొడుగు ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు సౌండు పని చేసే కుర్రవాళ్ళు కొందరు నన్ను కూర్చోబెట్టి, "పెద్దాయనా, నీ పనిలో మర్సిపోలేనిది ఒకటి రాయి, మాకు పనికొస్తాది" అన్నారు. పనికొస్తుందో లేదో నాకు తెలియదు. మైకుసెట్లు, టీవీలు, స్పీకరు పెట్టెలు చాలా బాగు చేశాను. తీరా రాద్దామని కూర్చుంటే గుర్తొచ్చేది మాత్రం పెరుగు.

మా అంగడి తిరుపతిలో ఉండేది. ఓనరు నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. మంచివాడే, కానీ ఆయనకు "తెలీదు" అనే మాట నోట్లో తిరగదు. నేను టంకం వేస్తే ఆయన మాట వేసేవాడు. అట్లా ఇద్దరం కలిసి అంగడి నడిపాం.

ఒక పొద్దున ఆయన ఊదికడ్డీ వెలిగించాడో లేదో, ఒకామె ఆటో దిగి వచ్చి, మూతపెట్టిన స్టీలు దబర ఒకటి మా బల్ల మీద, విప్పిన టీవీ పక్కన పెట్టింది.

"మూత తీసి సూడప్పా," అంది.

ఓనరు ప్రసాదం అనుకున్నాడు. చెయ్యి తుడుచుకుని, దబరకు దణ్ణం పెట్టి మూత తీశాడు. లోపల పెరుగు. పెరుగు అనడం కూడా తప్పే. అడుగున ముక్కలు ముక్కలు, పైన పచ్చటి నీళ్ళు.

"ఏంది మా ఇది?"

"మీరు ఎక్కించిన పెట్టెలు సేసిన పని."

"పెట్టెలకీ పెరుక్కీ ఏం సంబంధం మా? పాలల్లో నీళ్ళు ఎక్కువైంటాయి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"నా పాలల్లో నీళ్ళా?" అని ఆమె లేచింది. "తిరుచానూరుకి పోయి ఏ లాడ్జీలో అయినా అడుగు. నా పెరుగులో గరిటె పెడితే గరిటె నిలబడతాది. నీళ్ళు నా పాలల్లో లేవప్పా, నీ మాటలో ఉండాయి."

టీవీ బాగుకు వచ్చి కూర్చున్న ఇద్దరు నవ్వారు. ఓనరు ఊదికడ్డీ వైపు తిరిగి దణ్ణం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇక మాట్లాడాల్సింది నేనే అని అర్థమైంది.

సంగతి ఇది. ఆమెకు తిరుచానూరులో మిద్దె ఇల్లు ఉంది. కింద ఆమె ఉంటుంది, అక్కడే పెరుగు తోడువేసి లాడ్జీల మెస్సులకు, చిన్న హోటళ్ళకు పోస్తుంది. సాయంత్రం తోడువేస్తే పొద్దున పోయాలి. పొద్దున వేస్తే రాత్రి భోజనాలకు పోయాలి. పైన గదిలో ఒక రిటైరైన బస్సు డ్రైవరు ఒంటరిగా అద్దెకు ఉంటాడు. అందరూ డ్రైవరన్న అంటారు. ఒక లాడ్జీలో ఫంక్షన్ హాలు మూసేస్తే, అందులోని నడుమెత్తు స్పీకరు పెట్టెలు రెండు మా అంగడికి వచ్చాయి. నేను బాగు చేశాను, డ్రైవరన్న తీసుకున్నాడు. మిద్దె మీదికి ఎక్కించి తగిలించింది నేనే. ఆ గది సరిగ్గా ఆమె పెరుగు సట్లు పెట్టే వంటింటి నెత్తి మీద ఉందని నేను చూసుకోలేదు. స్పీకరు పెట్టేవాడు కింద ఎవరి వంటిల్లుందో చూస్తాడా?

"లాడ్జీ వంటాయన సెప్పేసినాడు," అంది ఆమె. "ఇంగోసారి ఇట్టాంటి పెరుగు తెస్తే వేరేవాళ్ళ కాడ పోయించుకుంటాడంట. ఆయన మానేస్తే అందరూ మానేస్తారు. డ్రైవరన్నకి కూడా సెప్పేసినా. ఈ నెల పోయేలోగా పెట్టెలన్నా దిగాల, ఆయప్పన్నా దిగాల. నాకేమో ఆయప్పని పంపియ్యాలంటే మనసు రాలా. మీరు పెట్టినారు కదా, మీరే దీనికొక దారి సూడండి."

గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది.

"దబర సాయంత్రం తోమి తెచ్చియ్యండి."

సాయంత్రం దబర తీసుకుని నేను తిరుచానూరు పోయాను. పైన పాట మోగుతోంది. తలుపు తీసే ఉంది. డ్రైవరన్న రెండు పెట్టెల మధ్య కుర్చీ వేసుకుని, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. గుమ్మం నుంచి పిలిచాను. పలకలేదు. గట్టిగా పిలిచాను. పలకలేదు. లోపలికి అడుగుపెట్టగానే మాత్రం కళ్ళు తెరిచాడు. పాటలో మునిగిపోయే మనిషి అనుకున్నాను.

"అన్నా, బేస్ రవ్వంత తగ్గిస్తే బాగుంటాది," అన్నాను.

ఆయన నా మూతి వైపే చూసి "ఊ" అన్నాడు.

"కింద ఆయమ్మ పెరుగు విరిగిపోతా ఉండాది."

"ఊ, ఊ. కూర్సో, టీ పెడతా."

నేనే వెళ్ళి బేస్ తగ్గించాను. ఆయన ముఖం దీపం తగ్గించినట్టు అయిపోయింది. లేచి మళ్ళీ పెంచుకున్నాడు.

"పెట్టెలు దించమంటే నేనూ దిగిపోతానప్పా," అన్నాడు. "ఈ వయసులో ఒంటి మనిషికి ఇల్లిచ్చేదెవరు? ఆ సంగతి తెలిసే సెప్తా ఉండా. ఇయి లేకుండా మాత్రం ఉండలేను."

కిందికి వచ్చి ఆమె వంటింట్లో నిలబడ్డాను. పాట అంతగా వినపడలేదు. ఏదో పక్క వీధిలో మోగుతున్నట్టు ఉంది. కానీ గిన్నెలో పాలు మాత్రం వణుకుతున్నాయి. మధ్య నుంచి అంచు దాకా సన్నగా గుండ్రాలు గుండ్రాలుగా అలలు. గోడకు చెయ్యి ఆనిస్తే జివ్వుమంది. అప్పుడు తెలిసింది. పాట గాలిలో పోతుంది, అదురు పెట్టె కాళ్ళ గుండా నేలలోకి దిగుతుంది. ఆ నేల ఆమెకు కప్పు. పెట్టెకూ నేలకూ మధ్య ఏదైనా అడ్డం పెడితే పని అయిపోతుంది.

అంగడికి వచ్చి ఇది చెబితే ఓనరు తల ఊపాడు.

"నాకు ముందే తెలుసబ్బా. పెద్ద పెద్ద ఊర్లల్లో ఇట్టాంటి పెట్టెలకి మేకు కాళ్ళు పెడతారు. నేల మీద మొత్తం పెట్టె ఆనుకుంటేనే కదా అదురు దిగేది? మొనలు మాత్రమే ఆనితే యాడ నుంచి దిగతాది?"

వినడానికి బాగుంది. లేతు మిషను ఉన్నతని దగ్గర ఇనుముతో మొనదేలిన మేకులు చేయించి, పెట్టెల కింద బిగించాం. పాట పెట్టగానే కింద నుంచి ఆమె బూజుకర్రతో కప్పును టకటక కొట్టింది. డ్రైవరన్న వెంటనే లేచి మెట్లు దిగాడు. వెనకే నేనూ పోయాను. వంటింట్లో అలమరలోని గ్లాసులు కూడా మాట్లాడుకుంటున్నాయి.

అదురుకు మేకు అడ్డం కాదు, దారి. పెట్టెను నేలకు కుట్టేసినట్టు పట్టుకుంటుంది. పెట్టెలకు ముందున్న మెత్తటి కాళ్ళు అదురును కొంచెమైనా తాగేవి, ఈ మేకులు సూదిమందు వేసినట్టు మొత్తం స్లాబులోకి ఎక్కించాయి. పైగా మిద్దె గదిలో ఆమె వేయించిన ఎర్రగచ్చు నేలలో గుంటలు పడ్డాయి.

"పెరుగు పోయిందనుకుంటే ఇప్పుడు గచ్చు కూడా పోయింది," అంది ఆమె. "ఇంగ రేపు వచ్చి గోడ పడేసి పోండప్పా."

మేకులు తీసేశాం. పరుపు స్పాంజి కోసి పెట్టాం. బరువుకు అది అప్పడంలా అణిగి, ఒక పెట్టె మెల్లగా వంగి డ్రైవరన్న ఒళ్ళోకి వచ్చింది. ఆయన పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని మావైపు చూశాడు. స్పాంజి కూడా తీసేశాం.

రోజూ నా పని ఇదే అయింది. పొద్దున్నే తిరుచానూరు పోయి పెరుగు చూసుకుని, తర్వాత అంగడికి పోవడం. మా దగ్గర అదురు కొలిచే మిషను లేదు. ఆమె సట్టే మాకు మీటరు. మెస్సులకు పోసే పెరుగు కోసం ఆమె ఆ కొద్ది రోజులూ చెల్లెలి ఇంట్లో తోడువేయించుకుని, ఆటోలో తెప్పించుకుంది. ఒక్క సట్టి మాత్రం మా పరీక్షకు ఉంచేది. లాడ్జీ వంటాయనకు ఈ ఏర్పాటు తెలియదు. ఎన్నాళ్ళు నడుస్తుందో ఆమెకూ తెలియదు.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. పెట్టెల సంగతి తర్వాత, ముందు పెరుగును కాపాడదాం. పెరుగు ఉండాల్సిన చోటు ఏది? ఉట్టి. నేలను తాకదు, గోడను తాకదు.

ఈ మాట చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. "మాయమ్మ కాలంలో ఉట్టే కదప్పా! మేమే మర్సిపోయినాం," అని ఆ రోజే బజారుకు పోయి ఉట్టి తెచ్చింది. వంటింటి కప్పుకు కొక్కెం ఉంది. నేనే స్టూలు ఎక్కి కట్టాను. సట్టి అందులో పెట్టి, ఇద్దరం కాసేపు చూసి సంతోషపడ్డాం.

మర్నాడు పొద్దున పోతే ఆమె గరిటె పట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది.

"రా నాయనా, రా. ఇంగ కవ్వం కూడా అక్కరలే. వెన్న నువ్వే తీసిచ్చినావు."

సట్టిలో చూస్తే నిజంగానే పైన తెల్లగా పూసలు తేలుతున్నాయి. అప్పుడు తల ఎత్తి కొక్కేన్ని చూశాను. ఆ కొక్కెం ఏ కప్పుకు ఉందో ఆ కప్పు పైనే మా పెట్టెలు ఉన్నాయి. అదిరే చోటికే తీసుకుపోయి పెరుగును ఉయ్యాల కట్టాను. తెలివి ఎక్కువైనా చిక్కే. అంగడికి పోయి ఈ మాట చెప్పలేదు. కానీ మధ్యాహ్నానికి ఓనరుకు తెలిసిపోయింది. నెల రోజులు నన్ను "వెన్నదొంగా" అని పిలిచాడు.

దారి చూపించింది పంక్చరు. నా మోపెడ్ టైరు పోయి, పంక్చరు అంగడిలో వాడిన ట్యూబుల కుప్ప మీద కూర్చున్నాను. అందులో ఒకటి రెండిట్లో గాలి ఇంకా ఉంది. గ్రానైటు లారీ ఒకటి పక్కనే పోయింది. పంక్చరాయన గాలి బుడగలు చూసే నీళ్ళ తొట్టి గడగడ వణికింది. నా నడుముకు మాత్రం ఏమీ తెలియలేదు. టక్కున లేచాను.

"యాడికి? టైరు ఇంకా ఎక్కించలే," అన్నాడు ఆయన.

"టైరు ఉండనీ, ఆ ట్యూబులు నాకియ్యి," అన్నాను.

గ్రానైటు పాలిష్ పట్టే చోట పక్కన పారేసిన ముక్కలు ఉంటాయి. పెట్టె పట్టేంత పలకలు రెండు తెచ్చాను. నేల మీద స్కూటరు ట్యూబు, అందులో గాలి కొంచెమే, దాని మీద గ్రానైటు పలక, పలక మీద పెట్టె. మొదటి రోజు ఒక ట్యూబు గాలి పోయి పెట్టె తాగినవాడిలా పక్కకు ఒరిగింది. మంచి ట్యూబు వేశాను. పాట పెట్టి కిందికి పరుగెత్తాను. గిన్నెలో పాలు అద్దంలా ఉన్నాయి. ఆమె గిన్నెను చూసింది, కప్పును చూసింది.

"పాట పెట్టినావా, పెట్టలేదా?"

"పెట్టినా మా. పెద్దగా పెట్టినా."

మర్నాడు ఓనరు కూడా నాతో వచ్చాడు. ఆమె మా ముందర సట్టిని బోర్లించి పట్టుకుంది. పెరుగు పడలేదు. ఓనరు నా భుజం తట్టి, "నేను సెప్పినట్టు సేస్తే ఎప్పుడో అయిపోయుండు," అన్నాడు. ఆమె మాకిద్దరికీ గిన్నెల్లో పెరుగు పెట్టి, చక్కెర వేసింది. సాయంత్రం నుంచి మెస్సు పెరుగు కూడా ఇంట్లోనే తోడువేస్తానంది. కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం డ్రైవరన్నకు శుభవార్త చెబుదామని మిద్దె ఎక్కాను. పాట ఎంత గట్టిగా ఉందంటే నేను చెవులు మూసుకున్నాను. ఆయన పెట్టెల మధ్య కుర్చీలో నేలను చూస్తూ కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా పోయి నిలబడితే తల ఎత్తాడు.

"రాప్పా," అన్నాడు. "కరెంటు పోయిందా?"

నేను పెట్టెలను చూశాను. ఆయన్ను చూశాను.

"లైటు ఎలగతానే ఉండాది," అన్నాడు ఆయన మళ్ళీ. "పాట మాత్రం రాలే."

అంటే ఇన్నాళ్ళూ ఆయన విన్నది చెవులతో కాదు. పాట ఆపేసి ఆయన ముందర నేల మీద కూర్చున్నాను. ఆయన నా మూతి చూస్తూ మెల్లగా చెప్పాడు.

"పాత బస్సుల్లో ఇంజను నా పక్కలోనే కదప్పా. ముందు ఒక సెవి పోయింది, తర్వాత రెండోది. మిగిలింది ఈ కాళ్ళే. బండికి ఏ రోగమొచ్చినా నాకు కాలికే తెలిసేది. పాట కూడా అంతే. దరువు కాలికి తగిల్తే మిగతా పాట నాకు బుర్రలో వస్తాది. నువ్వు ఆ ట్యూబులు పెట్టినాక నా గదిలో పాట సచ్చిపోయింది."

అదురు ఆపమని ఒకరు అడిగారు, నేను ఆపాను. ఆ అదురు ఎవరికైనా కావాలేమో అని రెండో మనిషిని అడగాలని నాకు తోచనే లేదు. నేను ఆమె పెరుగు కోసం ఈయన పాట తీసుకుపోయాను.

"ఆయమ్మకి సెప్తే అర్థం చేసుకుంటాది కదన్నా?"

"వద్దప్పా, నీకు దణ్ణం పెడతా!" అని నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆయమ్మ రోజూ మాపటేల పని అయినాక మెట్ల కాడ కూర్సుని తన బాధలన్నీ నాకు సెప్పుకుంటాది. ఇన్నేండ్లుగా అన్నిటికీ ఊ కొడతా ఉండా. ఒక్క ముక్క ఇనలేదని తెలిస్తే నా ముఖాన ఉమ్మేస్తాది. పెట్టెలు తీసుకపో. నేను కూడా వేరే యాడన్నా సూసుకుంటా."

ట్యూబులు తీస్తే పెరుగు విరుగుతుంది. ఉంచితే ఈయన దిగిపోతాడు. ఓనరుకు చెప్పాను. "ఆయప్ప కాళ్ళు కూడా ట్యూబు మీద పెట్టుకుంటే పోతాది కదరా," అని విసుక్కున్నాడు.

విసుగ్గా అన్నాడు కానీ అందులోనే మందు ఉంది. పెట్టెలను నేల నుంచి విడదీశాను సరే, డ్రైవరన్నను పెట్టెల నుంచి ఎందుకు విడదీయాలి? పెట్టెలూ ఆయనా ఒకే పడవలో ఉండాలి. ఆ పడవ మాత్రం నేలను తాకకూడదు.

పాత ఇళ్ళు పడగొట్టిన కొయ్య అమ్మే చోట ఒక వాకిలి తలుపు దొరికింది. మందంగా, నలుగురు మోసేంత బరువు. ఆ తలుపును గదిలో పడుకోబెట్టి, కింద ట్యూబులు సర్దాను. పైన ఆ చివర ఈ చివర పెట్టెలు, మధ్యలో కుర్చీ. పెట్టెలకు మళ్ళీ ఆ మేకు కాళ్ళే బిగించాను. ఇప్పుడు అదురు కొయ్యలోకి బాగా ఎక్కాలి కదా, దానికి మేకును మించింది లేదు. ఇది చూసి ఓనరు గంతులు వేశాడు. "నేను మొదటి రోజే సెప్పలా? మేకు కాళ్ళని!"

డ్రైవరన్న చెప్పులు విడిచి తలుపు ఎక్కాడు. అది కొంచెం ఊగింది. కూర్చున్నాడు. పాట పెట్టాను. ఆయన పాదాల వైపే చూస్తూ నిలబడ్డాను. ముందు బొటనవేలు కదిలింది. తర్వాత మడమ దరువు వేసింది. తర్వాత ఆయన కళ్ళు మూసుకుని తల ఊపాడు. ఓనరు మెట్లు దిగి పాలు చూసి వచ్చి, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. అల లేదు.

అంతలో కింద నుంచి బూజుకర్ర టకటకలు వినిపించాయి. మాకు వినిపించాయి, డ్రైవరన్నకు కాదు. ట్యూబులు అదురును కిందికి పోనివ్వవు కదా, పైకి కూడా రానివ్వవు. ఆమె మళ్ళీ కొట్టింది. తర్వాత గట్టిగా కొట్టింది. తర్వాత మెట్ల మీద అడుగుల చప్పుడు. లోపలికి వచ్చి ఆమె తలుపును చూసింది, ట్యూబులను చూసింది, మేకులను చూసింది, కళ్ళు మూసుకున్న మనిషిని చూసింది.

"అది... అన్న పాటలో ఉండాడు మా," అన్నాను. "అందుకే ఇనపడలా..."

"గమ్మునుండప్పా," అంది ఆమె. "ఆయప్పకి ఇనపడదని నాకు తెలీదా? నోటితో ఎంత అరిచినా పలకడు, కర్రతో ఒక్క దెబ్బ కొడితే దిగొస్తాడు. ఇన్నేండ్లు కింద కాపురముండి అది కూడా తెలుసుకోలేనా?"

"తెలిసి కూడా రోజూ ఆయనకి నీ కష్టాలు సెప్పుకుంటా ఉండావా?" అని ఓనరు నోరు తెరిచాడు.

"ఇనేదానికి ఎవరికి సెప్పినానప్పా? నా మొగుడికి రెండు సెవులూ బాగుండినాయి. బతికినన్నాళ్ళూ ఒక్కనాడన్నా నాకు ఊ కొట్టినాడా?"

ఆమె పైట సర్దుకుని తలుపు మీద కాలు పెట్టింది. డ్రైవరన్న ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఆమెను చూసి లేవబోయాడు. కూర్చోమని చెయ్యి ఊపి, ఆమె అట్లాగే నిలబడి తన పాదాల వైపు చూసుకుంది. మెల్లగా ఆమె ముఖం మారింది.

"సిన్నగా సక్కిలిగిలి పెట్టినట్టుండాది," అంది. తర్వాత ఆ కొయ్య పొడుగును కళ్ళతో కొలిచి నావైపు తిరిగింది.

"ఈ తలుపు మీద ఇంగో కుర్సీ పడతాదా అప్పా?"

"పడతాది మా," అన్నాను. "ట్యూబుల్లో గాలి ఇంకొంచెం పెంచాల. ఉండు, పోయి పంపు తెస్తా."